కొత్తగా కొన్న పాడిగేదె మచ్చిక: బండి దించిన దగ్గర్నుంచి నిండుగా చేపేదాకా

సంతలో పూటకు ఆరు లీటర్లు ఇచ్చిన గేదె ఇంటికొచ్చాక రెండు లీటర్ల దగ్గర ఆగిపోతే, అమ్మినవాడు మోసం చేశాడనే ముందు అనుకుంటాం. మోసం జరిగే సందర్భాలూ ఉన్నాయి, వాటి సంగతి కిందొస్తుంది. కానీ చాలాసార్లు పాలు పొదుగులోనే ఉంటాయి, గేదె వదలదు. అది మొండితనం కాదు. కొత్త చోటు, కొత్త చెయ్యి, కొత్త మేత, మూడు నాలుగు రోజుల లారీ ప్రయాణం, వీటన్నిటికీ దాని ఒళ్ళు బెదిరి ఉంటుంది. బెదిరిన గేదె చేపదు, అంటే పాలు చన్నుల్లోకి దించదు. కాబట్టి మొదటి రెండు వారాలు చేయాల్సిన పని ఎక్కువ పాలు పిండడం కాదు, దానికి మనమంటే బెదురు పోగొట్టడం.

కొనే దగ్గర అడగాల్సినవి

గేదెను వరసగా మూడు పూటలు మీ కళ్ళముందే పితికించి చూడాలన్నది చాలామందికి తెలిసిందే. పాలు కొలిచి ఊరుకోకుండా, పితికే మనిషిని కూడా గమనించండి. ఏ వైపు కూర్చుంటున్నాడు? ముందు దూడను వదులుతున్నాడా, దాణా పెడుతున్నాడా? నోటితో ఏ శబ్దం చేస్తున్నాడు? పితికేది ఆడవాళ్ళా, మగవాళ్ళా? చీర కట్టుకున్న మనిషికి అలవాటైన గేదె లుంగీ కట్టుకున్న మనిషి దగ్గరికొస్తే పక్కకు జరగడం పల్లెల్లో అందరూ చూసేదే. కుదిరితే వాళ్ళు చేసే శబ్దాన్ని ఫోన్‌లో రికార్డు చేసుకోండి. హర్యానాలోని రోహ్‌తక్, హిసార్ వైపు నుంచి వచ్చే ముర్రా జాతి గేదెకు మన మాట కొత్త, మన వరిగడ్డి కూడా కొత్తే. అక్కడ అది తూడి అనే గోధుమ గడ్డి, బర్సీం అనే పచ్చిమేత తిని పెరిగింది. అందుకే అది తింటున్న దాణా ఒక బస్తా వెంట తెచ్చుకోండి. మన దాణాను రోజుకు కొంత చొప్పున కలుపుతూ ఏడు నుంచి పది రోజుల్లో పూర్తిగా మార్చుకోవాలి. పాలు పెరగాలని ఒక్కసారిగా తవుడు, నూకలు ఎక్కువ పెడితే కడుపు పులిసి మేత మానేస్తుంది, అక్కడితో పాలూ పోతాయి.

బండి దించేటప్పుడు

దూకించకండి. మూడడుగుల ఎత్తున్న బండికి కనీసం ఎనిమిది అడుగుల పలక కావాలి. లేకపోతే బండిని మట్టిదిబ్బకో గట్టుకో వెనక్కి ఆనించి దింపండి. పలక మీద గడ్డి పరిచి, అడుగుకొకటి చొప్పున అడ్డంగా చెక్క బద్దలు కొట్టండి. ఒక్కసారి కాలు జారిన గేదె మళ్ళీ పలక ఎక్కమంటే నాలుగు కాళ్ళూ బిగబట్టుకుని నిలబడుతుంది.

గేదె కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. తల తిప్పకుండానే దాదాపు చుట్టూ చూడగలదు, సరిగ్గా వెనక భాగం మాత్రం కనపడదు. కానీ ఎదురుగా ఉన్నదాని లోతు, దూరం దానికి తేలిగ్గా అంచనాకు రావు. నేల మీద పడిన నీడ, తడి మెరుపు, సన్నటి కాలువ, ఇవన్నీ దానికి గోతుల్లా కనిపించవచ్చు. అలాంటి చోట ఆగి, తల కిందికి వంచి వాసన చూస్తుంది. ఆ అర నిమిషం దాన్ని చూడనివ్వాలి. ముందు నుంచి పలుపు లాగుతూ వెనక నుంచి కర్రతో పొడిస్తే ఎటూ పోలేక అక్కడే ఉండిపోతుంది, లేదా మనిషి మీదుగా తోసుకుపోతుంది. రాత్రిపూట దింపుతుంటే లారీలో లైటు ఆర్పి పాకలో లైటు వేయండి. చీకట్లోంచి వెలుగులోకి తేలిగ్గా వస్తుంది. టార్చి దాని కళ్ళలోకి మాత్రం కొట్టకండి.

దిగగానే తొట్టి నిండా నీళ్ళు పెట్టకుండా, ఒక బకెట్ నీళ్ళలో కాస్త బెల్లం, గుప్పెడు ఉప్పు కలిపి తాగించండి. అరగంట తర్వాత ఇంకో బకెట్, ఆ తర్వాత తాగినంత. పాలిచ్చే గేదెకు రోజుకు 60 నుంచి 80 లీటర్ల నీళ్ళు కావాలి. ఆ రాత్రికి ఎండుగడ్డి, కొంచెం పచ్చిమేత చాలు. పాత పశువులకు దూరంగా మూడు వారాలు విడిగా కట్టండి. గాలికుంటు లాంటి జబ్బు వెంట తెచ్చుకుంటే ఆ గడువులో బయటపడుతుంది. విడిగా కట్టమన్నాం కదా అని ఊరికి దూరంగా ఒంటరిగా మాత్రం వదలకండి. గేదె మంద జంతువు. మిగతావి కనపడేంత దూరంలో ఉంటే తొందరగా కుదుటపడుతుంది.

దగ్గరికెళ్ళే పద్ధతి

ప్రతి గేదె చుట్టూ ఒక హద్దు ఉంటుంది. కొత్త మనిషి ఆ హద్దు దాటితే అది కదులుతుంది. మచ్చికైన గేదెకు ఆ హద్దు దాదాపు ఉండదు, బెదిరినదానికి పది పన్నెండు అడుగులు కూడా ఉండవచ్చు. విప్పి తోలేటప్పుడు ఈ సంగతి చాలా పనికొస్తుంది. దాని మూపు పక్కన నిలబడి మూపు దాటి వెనక్కి ఒక అడుగేస్తే గేదె ముందుకు నడుస్తుంది, మూపు దాటి ముందుకొస్తే ఆగుతుంది, లేదా వెనక్కి జరుగుతుంది. అది కదలగానే మీరు ఒక అడుగు వెనక్కి తగ్గాలి. తగ్గకుండా మీద మీదకు వెళ్తేనే పరుగు అందుకుంటుంది.

కట్టేసి ఉన్నప్పుడు హద్దు ఉంటుంది, పారిపోయే దారి మాత్రం ఉండదు. అందుకే కట్టుగుంజ దగ్గరే దెబ్బలు ఎక్కువ తగులుతాయి. దూరం నుంచే పిలుస్తూ రండి. వెనక నుంచి కాకుండా పక్కగా, మూపు వైపు నుంచి దగ్గరికి చేరండి. మొదటి చెయ్యి మూపు మీదో వీపు మీదో పడాలి, మొహం మీద కాదు. అరచేయి గట్టిగా ఆనించి రుద్దండి. వేలి కొనలతో తాకితే ఈగ వాలిందనుకుని చర్మం ఆడిస్తుంది. మూపు నుంచి వీపు, వీపు నుంచి డొక్క, డొక్క నుంచి పొదుగు, ఈ వరసలో చెయ్యి ఎత్తకుండా జరపండి. మొదటి మూడు నాలుగు రోజులు పాల వేళ కాని వేళల్లో కూడా రోజుకు రెండుసార్లు పది నిమిషాలు ఇలా రుద్దడం, కడగడం చేస్తే, పాల వేళకు ఆ చెయ్యి కొత్తగా ఉండదు.

బెదురు ముందే తెలుస్తుంది. కంటి తెల్లగుడ్డు కనపడటం, చెవులు వెనక్కి పడటం, తోక కాళ్ళ మధ్యకు బిగించడం, ముక్కుతో బుస్సుమనడం, వెనక కాళ్ళు మార్చి మార్చి వేయడం చూస్తే అక్కడే ఆగండి. తల దించి కొమ్ములు పక్కకు తిప్పి అలాగే చూస్తుంటే, మెల్లగా వెనక్కి తగ్గండి. పరిగెత్తకండి. తలుపు చప్పుడు, గిన్నెల మోత, ఈల, దాని దగ్గర కేకలేసి మాట్లాడుకోవడం, ఇవన్నీ మనకు మామూలే కానీ దానికి భయమే.

చేపు

అసలు విషయం ఇదే. ఆవు పొదుగులో కొంత పాలు కింది గదిలో ముందే దిగి ఉంటాయి. గేదెకు అలా దిగి ఉండేది చాలా తక్కువ, సుమారు 5 శాతం. మిగతా పాలన్నీ పైన సన్నటి గుళికల్లో ఉంటాయి. దూడ మూతి గానీ మనిషి చెయ్యి గానీ చన్నుకు తగిలినప్పుడు మెదడు నుంచి ఆక్సిటోసిన్ విడుదలై, రక్తంలో పొదుగు దాకా వచ్చి, ఆ గుళికలను బిగిస్తేనే పాలు కిందికొస్తాయి. గేదె అదిరిపడితే అడ్రినలిన్ వస్తుంది. అది చేపును అడ్డుకుంటుంది. అందుకే పితికే ముందు ఒక్క దెబ్బ కొట్టినా ఆ పూట పాలు తగ్గుతాయి.

చేసే పద్ధతి ఇదీ. రోజూ ఒకే వేళకు, ఒకే మనిషి, ఒకే వైపు కూర్చోవాలి. దాణాలో సగం ఈ వేళకు దాచి, ముందు గాడిలో పోయండి. దూడ ఉంటే ఒక నిమిషం కుడవనిచ్చి పక్కన, తల్లికి కనపడేలా కట్టండి. గోరువెచ్చని నీళ్ళతో పొదుగు కడిగి, పొడి గుడ్డతో తుడుస్తూ, చన్నుల మొదళ్ళ దగ్గర వేళ్ళతో మెల్లగా నొక్కుతూ రెండు నిమిషాలు మర్దన చేయండి. ముడతలుగా వేలాడుతున్న చన్నులు నిండి, నున్నగా, గట్టిగా అవుతాయి. అదే చేపు. అది వచ్చేదాకా లాగకండి. ఉత్తి చన్ను లాగితే నొప్పి, తర్వాతి పూట మిమ్మల్ని చూడగానే పక్కకు జరుగుతుంది. కొత్త గేదెకు ఐదు నిమిషాలు, ఒక్కోసారి పది నిమిషాలు కూడా పట్టవచ్చు.

చేపు వచ్చాక ఆలస్యం చేయకూడదు. ఆక్సిటోసిన్ రక్తంలో కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆరేడు నిమిషాల్లో పితకడం ముగించాలి. మధ్యలో ఫోన్ ఎత్తకండి. బొటనవేలు మడిచి లాగే పద్ధతిలో చన్ను లోపల పుండ్లు పడతాయి. చన్నును నాలుగు వేళ్ళతో గుప్పిట పట్టి పై నుంచి కిందికి నొక్కండి. గేదె చన్ను రంధ్రం ఆవుకన్నా బిగువుగా ఉంటుంది కాబట్టి చేతిలో పట్టు ఉన్న మనిషే పితకాలి. మొదటి రెండు మూడు ధారలు నల్లటి గిన్నెలోకి వేరుగా పిండి చూడండి. పెరుగు తునకల్లా పడితే అది పొదుగువాపు, వైద్యం చేయించాలి.

దూడ చనిపోయిన గేదెలతో చాలా ఇళ్ళలో కష్టపడతారు. దూడ తోలులో గడ్డి కూరి ముందు పెట్టడం పాత పద్ధతి. కొన్నాళ్ళకు తోలు కుళ్ళి జబ్బులు తెస్తుంది. దాని బదులు దాణాకూ చేతి మర్దనకూ చేపడం అలవాటు చేయాలి. వారం పది రోజులు పాలు తగ్గుతాయి, ఆ నష్టానికి ముందే సిద్ధపడాలి. విసుగొచ్చి రోజుకొక మనిషిని మారిస్తే అలవాటు ఎప్పటికీ పడదు.

ఇంజెక్షన్‌కు అలవాటు పడిన గేదె

మోసం సంగతి ఇక్కడే. అమ్మేచోట పితికే ముందు మెడకో డొక్కకో చటుక్కున సూది గుచ్చి, దూడ లేకుండా నిమిషంలో చేపించి చూపిస్తే, ఆ గేదెకు ఆక్సిటోసిన్ అలవాటు చేశారన్నమాట. ఇంటికొచ్చాక అది మీ చేతికి చేపదు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. పాల కోసం పశువు ఆరోగ్యానికి చేటు చేసే ఇంజెక్షన్లు వేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 12వ సెక్షన్ కింద నేరం కూడా. తెలిసో తెలియకో అలాంటి గేదెను తెచ్చుకుంటే, మీరూ అదే సూది మొదలుపెట్టకండి. పశువైద్యుడిని కలిసి, ఆయన సలహాతో మాన్పిస్తూ, పైన చెప్పిన మర్దన, దాణా, వేళ మాత్రం తప్పకుండా సాగించండి. రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి.

తన్నే గేదె

ఎప్పుడూ తన్నని గేదె ఒక పూట తన్నిందంటే నొప్పి ఉంది. చన్ను పగులు, పొదుగువాపు, పితికేవాడి గోరు, లేదా పొదుగు మీద కరిచిన గోమారి, వీటిలో ఏదో చూసుకున్నాకే కోపపడండి. మొదటిసారి ఈనిన పడ్డ (వయసులో ఉన్న గేదె) తన్నేది ఎక్కువగా భయంతోనే. ఈనడానికి నెల ముందు నుంచే డొక్క, తొడలు రుద్దడం అలవాటు చేస్తే ఈనాక తేలిక. ఆ నెలలో చన్నులు మాత్రం పిండకూడదు.

నిలబడే చోటు కూడా చూసుకోవాలి. కాలు చాచినప్పుడు దెబ్బ జోరు మూడడుగుల దూరంలో ఎక్కువ. అందువల్ల ఒంటికి ఆనుకుని నిలబడండి, లేదా కాలు అందనంత దూరం వెళ్ళండి. మధ్యలో నిలబడకండి. పొదుగు పక్కన కూర్చునేటప్పుడు తలను దాని డొక్కకు ఆనిస్తే కాలు లేవబోయే ముందు కండరం బిగుసుకోవడం తెలుస్తుంది. తప్పనిసరైతే వెనక కాళ్ళకు మడమ కీలు పైన ఎనిమిది అంకె ఆకారంలో మెత్తటి తాడుతో బందం వేయండి. నైలాన్ తాడు కోసుకుపోతుంది. బందం రోజూ వాడేది కాదు. బందంతో పితికే గేదె పాలు బిగబట్టి కొంచెమే ఇస్తుంది.

సూది వేయించేటప్పుడు

టీకా వేసే మనిషి వచ్చాక పరుగులు పెట్టకుండా, అరగంట ముందే గేదెను పొట్టి పలుపుతో కట్టుకోండి. మామూలుగా నాలుగైదు అడుగులు ఉండే పలుపును అడుగున్నరకు తగ్గించి, తల గుంజకు దగ్గరగా వచ్చేలా కట్టాలి. లాగితే ఊడే జారుముడే వేయండి. గేదె పడిపోతే వెంటనే విప్పలేని ముడి దాని మెడకు ఉరవుతుంది. పలుపును చేతికి చుట్టుకోవద్దు. అది ఒక్క ఊపు ఊపితే వేళ్ళు పోతాయి. ముకుతాడు లేకపోతే బొటనవేలు, చూపుడువేలుతో ముక్కు మధ్య దూలాన్ని పట్టి తల కొంచెం పైకి, పక్కకు తిప్పండి. రెండో మనిషి తోకను మొదలు దగ్గర రెండు చేతులతో పట్టి నిటారుగా పైకి ఎత్తితే కాలు విసరలేదు. తోక చివర పట్టి ఎత్తితే ఎముక విరుగుతుంది. చూడి పరీక్ష లాంటి పనులు తరచూ ఉంటే పాకలో ఒక ట్రెవిస్ (పశువును కదలకుండా నిలబెట్టే చట్రం) కట్టించుకోవడం మేలు. లోపల వెడల్పు రెండున్నర అడుగులు దాటితే గేదె అందులోనే వెనక్కి తిరిగిపోతుంది. కొత్త గేదెను ముందు రెండు మూడు రోజులు ఊరికే అందులోంచి నడిపించి, అవతల దాణా పెట్టండి. మొదటిసారే సూది కోసం ఎక్కిస్తే రెండోసారి ఎక్కదు.

సూది పడ్డాక వెంటనే వదిలేయకుండా ఒక నిమిషం వీపు రుద్ది, అప్పుడు పలుపు పొడవు చేయండి. పట్టుకోవడానికి వీల్లేనంతగా బెదిరినా, మేత మాని తల వేలాడేసినా సంచార పశువైద్య వాహనానికి 1962కు ఫోన్ చేయండి.