ఎమ్మెస్సీ మ్యాథ్స్ ఫైనల్ ప్రాజెక్ట్: టాపిక్ నుంచి వైవా దాకా ఎలా సబ్మిట్ చేయాలి

అనంతపురం ఎస్కేయూ (శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ) కావచ్చు, కడప యోగి వేమన కావచ్చు, కర్నూలు రాయలసీమ యూనివర్సిటీ కావచ్చు, మీ సిలబస్‌లో ప్రాజెక్ట్ ఉంటే ముందు డిపార్ట్‌మెంట్ నోటీస్ బోర్డు దగ్గరికి వెళ్లి చివరి తేదీ, ఎన్ని కాపీలు ఇవ్వాలి, ఫార్మాట్ ఏమిటి అన్నవి ఫోటో తీసుకోండి. సీనియర్ చెప్పాడని పోయినేడాది ఫార్మాట్ పట్టుకోవద్దు.

తర్వాత గైడ్‌ను కలిసి టాపిక్ ఖాయం చేసుకోవాలి. అనంతపురం, ధర్మవరం, తాడిపత్రి, గుంతకల్లు, కదిరి మధ్య రోడ్డు దూరాలు తీసుకుని కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన పద్ధతితో అతి తక్కువ దూరం కట్టడం లాంటిది చిన్నదైనా చాలా మంచి ప్రాజెక్ట్, ఎందుకంటే లెక్క మొత్తం మీ చేతిలోనే ఉంటుంది.

రాత పూర్తయ్యాక బైండింగ్‌కు పరుగెత్తకండి, ముందు ప్లేజియరిజం చెక్ (ఇతరుల రాతలతో ఎంత పోలిక ఉందో చూసే పరీక్ష) చేయించండి. 2018 యూజీసీ నిబంధనలు మాస్టర్స్, పరిశోధన డిగ్రీల డిసర్టేషన్లకు పెట్టిన లెక్క ఇది (ప్రాజెక్ట్ రిపోర్టులు నేరుగా వాటి కిందికి రావు): పోలిక 10 శాతం దాకా ఉంటే ఇబ్బంది లేదు. 10 నుంచి 40 మధ్య ఉంటే 6 నెలలు మించని గడువులో సరిచేసి మళ్లీ ఇవ్వాలి, 40 నుంచి 60 మధ్య అయితే ఏడాది పాటు మళ్లీ ఇచ్చే వీల్లేదు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అందరూ వాడే సమీకరణాలు, గుర్తులు, రెఫరెన్సులు ఈ లెక్కలోకి రావు కాబట్టి సూత్రాల గురించి టెన్షన్ వద్దు, ఇంట్రడక్షన్ మాత్రం తప్పకుండా మీ మాటల్లోనే రాయండి. రిపోర్టు సరిగ్గా వచ్చాక డిక్లరేషన్ మీద మీ సంతకం, సర్టిఫికెట్ పేజీ మీద గైడ్, హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) సంతకాలు తీసుకుని అప్పుడు బైండింగ్‌కు ఇవ్వండి. చివరి వారంలో జిరాక్స్ షాపుల్లో రద్దీ మామూలుగా ఉండదు. కాపీలు ఇచ్చేటప్పుడు తీసుకున్నట్టు సంతకం, తేదీ వేయించుకోవడం మరవద్దు.

ఇక వైవా, అంటే మౌఖిక పరీక్ష. స్లైడ్లు తక్కువ పెట్టి, ఒక ప్రూఫ్ బోర్డు మీద చూడకుండా రాసేలా సిద్ధమవ్వండి, అసలు మార్కులు అక్కడే వస్తాయని నా గట్టి నమ్మకం. పైన చెప్పిన టాపిక్ తీసుకుంటే, ఏదైనా అంచు (రెండు ఊళ్లను కలిపే గీత) విలువ మైనస్ అయితే ఏమవుతుందని ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్) అడగవచ్చు. ఏ నుంచి బీకి 2, ఏ నుంచి సీకి 5, సీ నుంచి బీకి మైనస్ 4 అని బోర్డు మీద గీయండి. డైక్‌స్ట్రా పద్ధతి బీని 2 దగ్గరే ఖరారు చేసి మళ్లీ వెనక్కి చూడదు, కానీ సీ మీదుగా వెళ్తే వచ్చేది 1. అలాంటి చోట మైనస్ విలువలున్నా పనిచేసే బెల్‌మన్-ఫోర్డ్ పద్ధతి వాడాలని చెప్పండి. తెలియని ప్రశ్న వస్తే తెలియదని నేరుగా చెప్పేయండి, కల్పించి చెప్తే తర్వాతి ప్రశ్న అక్కడి నుంచే మొదలవుతుంది.

ఎగ్జామినర్ దిద్దుబాట్లు చెబితే అక్కడే రాసుకుని, అవి సరిచేసిన పీడీఎఫ్‌ను గైడ్‌కు పంపి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. పీహెచ్‌డీ ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు దాని గురించే అడుగుతారు.