మయోర్కా చుట్టూ యాట్ సెలవులు: ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వెళ్లేవాళ్లకు జాగ్రత్తలు

ఆగస్టు రెండో సగం నుంచి అక్టోబరు దాకా, మధ్యధరా సముద్రంలో స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవి చుట్టూ సముద్రం ఎంత అందంగా ఉంటుందో చెప్పలేను. నీళ్లు వెచ్చగా ఉంటాయి, సెప్టెంబరు వచ్చేసరికి రద్దీ తగ్గుతుంది, యాట్ అద్దెలూ కాస్త దిగుతాయి. లండన్ నుంచీ అమెరికా నుంచీ వచ్చే తెలుగు కుటుంబాలు పెళ్లిరోజనీ షష్టిపూర్తి అనీ ఈ రోజులనే ఎంచుకుంటున్నాయి. నేను విశాఖలో పుట్టి పెరిగాను. కొన్నేళ్లు సరుకు ఓడల్లో చేసి, ఇప్పుడు మయోర్కా ముఖ్య పట్టణం పాల్మా రేవు నుంచి నడిచే అద్దె యాట్ల మీద డెక్ ఆఫీసరుగా పనిచేస్తున్నాను. మనవాళ్లు యాట్ ఎక్కుతున్నారంటే నాకు సంతోషం, దాంతోపాటే టెన్షన్. ఎందుకో చెబుతాను.

ఈతకు హాయిగా ఉండే ఆ వెచ్చని నీళ్లే గాలివానలకు బలం ఇస్తాయి. ఆగస్టు నాటికి ఇక్కడి సముద్రం 27, 28 డిగ్రీలకు చేరుతుంది. అప్పుడు పైన ఎత్తులో చల్లటి గాలి ముద్ద ఒకటి ఉత్తరం నుంచి తెగి ఇటు జారిందంటే, కింద వేడి, పైన చలి కలిసి ఉరుముల వాన పుడుతుంది. ఆ చల్లగాలి ముద్దను స్పెయిన్‌లో 'డానా' అంటారు. మన కోస్తావాళ్లకు తుఫాను అంటే అల్పపీడనం, వాయుగుండం, తర్వాత తుఫాను అని మెట్టు మెట్టుగా వచ్చేది. రోజుల ముందే హెచ్చరిస్తారు, తుఫానుగా మారగానే పేరు కూడా పెడతారు. ఇక్కడ ఆ వరస ఉండదు. పొద్దున అద్దంలా ఉన్న నీళ్ల మీద సాయంత్రానికి గంటకు నూరు కిలోమీటర్ల గాలి కొట్టవచ్చు. ఫలానా రోజు ఉరుములు రావచ్చని వాతావరణ శాఖ చెప్పగలదు కానీ, అవి ఏ ఒడ్డు మీద ఎన్ని గంటలకు పడతాయో చాలాసార్లు అరగంట ముందు దాకా తేలదు. తుఫాన్లు చూసి పెరిగిన మనలాంటి వాళ్లే ఇక్కడ మోసపోతారు. హెచ్చరిక వస్తుంది కదా, వచ్చాక చూద్దాం అనుకుంటారు.

2022 ఆగస్టు 18 ఉదయం ఫ్రాన్స్‌కు చెందిన కోర్సికా దీవి మీద గంటకు 225 కిలోమీటర్ల గాలి నమోదైంది. ఆ దీవిలో 5 మంది చనిపోయారు, ఎన్నో పడవలు ఒడ్డుకు కొట్టుకుపోయాయి. 2024 ఆగస్టు 14న మయోర్కాకు పొరుగునే ఉన్న ఫోర్మెంటెరా దీవిలో లంగరు వేసుకున్న పడవలు చాలా తెగిపోయి ఇసుకలోకి, రాళ్ల మీదికి వచ్చి పడ్డాయి. ఆ తర్వాత 5 రోజులకే, 19వ తేదీ తెల్లవారుజామున, ఇటలీలోని సిసిలీ దీవిలో పోర్టిచెల్లో ఊరి దగ్గర లంగరు మీద ఉన్న 56 మీటర్ల 'బయేసియన్' అనే విలాస యాట్ నిమిషాల్లో మునిగిపోయింది. అందులో ఉన్న 22 మందిలో 7 మంది ప్రాణాలు పోయాయి. అప్పుడు గాలి 70 నాట్లు, అంటే గంటకు దాదాపు 130 కిలోమీటర్లు దాటి ఉండవచ్చని బ్రిటన్ దర్యాప్తు సంస్థ మధ్యంతర నివేదికలో రాసింది. అది పాత పడవ కాదు, చవక పడవ అసలే కాదు. ఎక్కువ డబ్బు పోస్తే ఎక్కువ భద్రత వస్తుందన్న నమ్మకంతో ఎవరూ యాట్ ఎక్కవద్దని నా మనవి.

అలాగని వెళ్లొద్దనడం లేదు. వెళ్లే పద్ధతి మార్చుకోమంటున్నాను. అన్నిటికంటే ముందు, కెప్టెన్ 'వద్దు' అనడానికి మీ ప్రయాణంలో చోటు ఉంచండి. మంగళవారం రాత్రి ఫలానా చోట భోజనం, బుధవారం ఫలానా చోట ఫోటోలు, గురువారం బంధువులను ఎక్కించుకోవడం అని గంటలు కొట్టినట్టు ప్లాన్ వేసుకుంటే, గాలి మారిన రోజున అందరి ఒత్తిడీ కెప్టెన్ మీద పడుతుంది. ఒక సెప్టెంబరులో మా యాట్ వాయవ్య తీరాన కాలా ట్యుయెంట్ అనే చిన్న వంపులో లంగరు మీద ఉంది. చుట్టూ కొండలు, డెక్ మీద అరవయ్యో పుట్టినరోజు భోజనం. సాయంత్రం ఆరింటికి కెప్టెన్ వచ్చి ఇక్కణ్నుంచి కదలాలన్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఆ ఇంటి పెద్దబ్బాయి "ఇంత ఖర్చు పెట్టింది రేవులో పడుకోవడానికా?" అన్నాడు. ఆయన బాధ నాకు అర్థమైంది. అయినా కదిలాం. రాత్రి రెండు గంటలకు సోయెర్ రేవులో కట్టుకున్న తాళ్లు కూడా మూలిగేంత గాలి వచ్చింది. ఉత్తరానికి తెరుచుకున్న ఆ వంపులోనే ఉండి ఉంటే మా లంగరు పట్టు నిలిచేదని నేను అనుకోను.

ఈ సంగతి అర్థం కావాలంటే మయోర్కా ఒడ్డు ఎలా ఉంటుందో తెలియాలి. వాయవ్యం వైపు 90 కిలోమీటర్ల పొడవున త్రముంతానా కొండలు నిట్టనిలువుగా సముద్రంలోకి దిగుతాయి. ఫోటోల్లో మీరు చూసే సా కలోబ్రా, ఫోర్మెంటోర్ అన్నీ అటే. ఆంద్రాచ్ నుంచి పోయెన్సా దాకా ఆ ఒడ్డున నమ్మి తలదాచుకోదగ్గ రేవు ఒక్క సోయెరే. ఫ్రాన్స్ వైపు నుంచి దిగే ఉత్తరపు గాలిని కూడా ఇక్కడివాళ్లు త్రముంతానా అనే పిలుస్తారు, అది మొదట తాకేది ఈ ఒడ్డునే. అందుకే వాయవ్య తీరాన్ని పగటిపూట చూసి రావడం మంచిది. రాత్రి బస వేరే చోట పెట్టుకోండి. తూర్పున పోర్తో కొలోమ్ లాంటి లోతైన సహజ రేవులున్నాయి. దక్షిణాన ఎస్ త్రెంక్ తెల్ల ఇసుక బాగుంటుంది, కానీ అది తెరిచిన తీరం, దక్షిణపు గాలికి అడ్డేమీ లేదు. రోజూ సాయంత్రం కెప్టెన్‌ను రెండు ప్రశ్నలు అడగండి: ఈ రాత్రి గాలి ఎటు తిరగవచ్చు? తిరిగితే మనం ఎక్కడికి పోతాం? రెండో ప్రశ్నకు వెంటనే ఊరి పేరు చెప్పగలిగిన కెప్టెన్ దొరికితే మీ డబ్బు సరైన చోట పెట్టినట్టే.

స్పెయిన్ వాతావరణ సంస్థ ఏమెట్ పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరికలు ఇస్తుంది. నారింజ కనిపించిన రోజు రేవులోనే ఉండటానికి మనసు సిద్ధం చేసుకోండి. పాల్మా పాత బస్తీ, కేథడ్రల్, సోయెర్ చెక్క రైలు ఉన్నాయి, ఆ రోజు వృథా పోదు. పక్క దీవి మినోర్కా కూడా కలుపుకుని తిరిగేవాళ్లు అక్కడి సియుతదెయా రేవు గురించి ఒక మాట తెలుసుకోవాలి. అక్కడ గాలి పీడనం హెచ్చుతగ్గుల వల్ల సన్నటి రేవులో నీళ్లు నిమిషాల్లో దిగిపోయి తిరిగి ఎగదన్నుతాయి. దాన్ని 'రిస్సాగా' అంటారు. 2006 జూన్ 15న నీళ్లు 4 మీటర్లకు పైగా ఆడి పదుల కొద్దీ పడవలు పాడయ్యాయి. ఆ సూచన ఉన్న రోజు ఆ రేవులోకి వెళ్లకూడదు, అంతే.

ఇక ఈత సంగతి. దీని గురించి మనలో మనం దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. మన కుటుంబాల్లో చాలామంది పెద్దవాళ్లకు ఈత రాదు. స్విమ్మింగ్ పూల్‌లో నేర్చుకున్న పిల్లలకు, కాళ్లకు నేల తగలని సముద్రంలో ఆ ఈత సరిపోదు. బుకింగ్ సమయంలో మీకు పంపే ఇష్టాయిష్టాల ఫారంలో ఉల్లి, వెల్లుల్లి వద్దని రాసినంత శ్రద్ధగా ఎవరెవరికి ఈత రాదో కూడా రాయండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆ ఒక్క వాక్యంతో మేం ఎంతమందిమి నీళ్ల దగ్గర నిలబడాలో మారిపోతుంది. పిల్లల బరువులు కూడా రాసి, ఆ కొలతల లైఫ్ జాకెట్లు ఉన్నాయో లేదో వారం ముందే అడగండి. చిన్నపిల్లలకు గాలి నిండే రకం కాకుండా, నురుగు నింపినవి, కాళ్ల మధ్య నుంచి పట్టీ ఉన్నవి కావాలి. పట్టీ లేకపోతే నీళ్లలో పడగానే జాకెట్ పైకి, పిల్లవాడు కిందికి పోతారు. పడవ కదులుతున్నప్పుడు డెక్ మీద ఉన్న ప్రతి పిల్లవాడికీ జాకెట్ ఉండాలి. పిల్లలను కనిపెట్టుకునే బాధ్యత మీతో వచ్చిన పెద్దల్లో ఒకరికి పేరు పెట్టి అప్పగించాలి. పదిమంది చూస్తున్నారంటే ఎవరూ చూడటం లేదనే అర్థం.

ఒకసారి ఒక మామ్మగారు "బాబూ, నాకు నీళ్లంటే భయం, గాలి వస్తే నేను కింద గదిలోనే తలుపేసుకుని పడుకుంటా" అన్నారు. ఆ మాట వింటే నా గుండె ఆగినంత పనైంది. గాలి ముదిరిందని సిబ్బంది చెబితే కింద గదిలో ఉండకూడదు. జాకెట్ వేసుకుని, వాళ్లు చూపించిన చోట, పైన కూర్చోవాలి. పడవ ఒరిగితే మెట్లు గోడలవుతాయి, తలుపులు బరువెక్కి తెరుచుకోవు. ఆవిడకు అదంతా చెప్పలేదు. "మీరు పైన మా దగ్గర ఉంటే మాకు ధైర్యం, మామ్మగారూ" అన్నాను. వారం పొడుగునా పైనే కూర్చున్నారు.

ఈత కొట్టేటప్పుడు ఇంజన్ ఆగిందని సిబ్బంది నోటితో చెప్పాకే దిగండి. వెనక మెట్టు మీద కూర్చుని కాళ్లు ఆడించడం అందరికీ ఇష్టమే, కానీ జనరేటర్ నడుస్తున్నప్పుడు పొగ గొట్టం ఏ వైపు ఉందో అడగండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తలనొప్పిగా మొదలై స్పృహ తప్పిస్తుంది. చిన్న పడవ నడిపేవాళ్లు ఇంజన్ ఆపే తాడును తొడకో చేతికో కట్టుకోకుండా నడపకూడదు. రేవులో కట్టేటప్పుడు గట్టుకూ పడవకూ మధ్య చేయి, కాలు పెట్టకండి. చేత్తో ఆపగలిగే బరువు కాదది. లంగరు గొలుసు తిరిగే చోట చీర కొంగు, చున్నీ, జడ, ఉంగరాలు, గాజులు అన్నీ ప్రమాదమే.

దీపం గురించి చాలామంది అడుగుతారు. పుట్టినరోజున, శ్రావణ శుక్రవారాన దీపం పెట్టుకోవాలన్న కోరిక నాకు తెలుసు. పడవలో నిప్పంటే పారిపోవడానికి చోటు లేదు. కెప్టెన్‌ను అడిగి, ఆయన చూపిన చోట, ఒకరు పక్కనే ఉండేలా పెట్టుకోండి, ముగిశాక పూర్తిగా ఆర్పండి. గదిలో అగరొత్తులు మాత్రం వద్దు. పవర్ బ్యాంకులు, డ్రోన్ బ్యాటరీలు పరుపు మీద చార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు.

సముద్రం పడనివాళ్లు మాత్ర వాంతులు మొదలయ్యాక వేసుకుంటే పనిచేయదు, కదలడానికి గంట ముందు వేసుకోవాలి. బీపీ, షుగర్ మందులు ప్రయాణం రోజులకు మించి వారం సరిపడా అదనంగా తెచ్చుకోండి. ఊదారంగు జెల్లీ చేప కుడితే మంచినీళ్లతో కడగకండి, సముద్రపు నీళ్లే పోయండి.

డబ్బు, కాగితాల విషయం క్లుప్తంగా చెబుతాను. అద్దె మీద స్పెయిన్‌లో 21 శాతం పన్ను, దానిపైన ఇంధనం, తిండి, రేవు రుసుముల కోసం ఏపీఏ అని మామూలుగా 25 నుంచి 35 శాతం ముందుగా కట్టాలి, సిబ్బందికి ఇచ్చేది వేరు. లక్ష యూరోల యాట్ అంటే చివరికి లక్షన్నర దాటుతుంది. వాతావరణం బాగాలేదని అద్దె వెనక్కి రాదు, ఒప్పందంలో ఆ భాగం సంతకానికి ముందే చదవండి. బ్యాంకు ఖాతా మారిందని మధ్యలో ఈమెయిల్ వస్తే, మీ దగ్గర మొదటినుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడిగేదాకా ఒక్క యూరో పంపకండి. యాట్‌కు బలేరిక్ దీవుల (మయోర్కా, చుట్టుపక్కల దీవుల) ప్రభుత్వం ఇచ్చిన అద్దె అనుమతి, బీమా పత్రం చూపించమనండి. సాధారణంగా ఈ యాట్లలో అతిథులు 12 మందికి మించకూడదు. 'ఇంకో ఇద్దరిని ఎక్కించుకోండి, ఏం కాదు' అనే ఏజెంటును అక్కడే వదిలేయండి. షెంగెన్ వీసాకు అడిగే 30,000 యూరోల ఆరోగ్య బీమాలో నీటి ఆటలు కలిశాయో లేదో చూసుకోండి.

లంగరు ఎక్కడ వేయాలన్నదానిపై మీరు పట్టుబట్టకండి. నీళ్ల కింద ముదురు రంగులో కనిపించేది పోసిడోనియా అనే గడ్డి. చేపలకు అదే నర్సరీ, ఇక్కడి నీళ్లు ఇంత తేటగా ఉండటానికీ అదే కారణం. ఒక్క గొలుసు ఈడ్చుకుపోయిన చోట అది తిరిగి మొలవడానికి దశాబ్దాలు పడుతుంది. దాని మీద లంగరు వేయడాన్ని 2018లో ఇక్కడి ప్రభుత్వం నిషేధించింది, జరిమానాలు గట్టిగా ఉంటాయి. కబ్రెరా దీవి జాతీయ పార్కుకు వెళ్లాలంటే అనుమతి, పడవ కట్టుకునే తేలే బోయాకు బుకింగ్ ముందే కావాలి.

ఎక్కిన మొదటి గంట చాలా ముఖ్యం. అందరూ షాంపేన్ గ్లాసులతో ఫోటోల్లో ఉండగా సిబ్బంది భద్రత గురించి చెబుతారు, సగం మంది వినరు. ఆ ఇరవై నిమిషాలు ఫోన్లు పక్కన పెట్టండి. రేడియోలో ఆపద పిలుపుల 16వ చానెల్ ఎలా పట్టాలో, ఆపద సంకేతం పంపే ఎర్ర బటన్ మూత ఎత్తి ఎంతసేపు నొక్కాలో మీలో ఇద్దరు నేర్చుకోండి. ఫోన్లలో అత్యవసర నంబరు 112తో పాటు స్పెయిన్ సముద్ర రక్షణ సంస్థ నంబరు 900 202 202 పెట్టుకోండి. ప్రతి గదికీ మామూలు తలుపు కాకుండా బయటపడే రెండో దారి ఎక్కడుందో చూపించమనండి. చాలా యాట్లలో అది మంచం పైన కిటికీ మూతో, అల్మారా వెనక చిన్న తలుపో అయి ఉంటుంది. చూడటంతో సరిపెట్టకండి. పిల్లల చేత తెరిపించండి, పెద్దవాళ్ల చేయి పట్టుకుని ఆ దారిన డెక్ మీదికి ఒకసారి నడిపించండి. సూట్‌కేసులు ఆ తర్వాత విప్పుకోవచ్చు.