బేస్ గిటార్ బాడీ కాలుస్తారా? మంట సంగతి సరే, గుడ్డ ఎక్కడ పెట్టారు?

పోయిన నెల ఒక శనివారం రాత్రి ఒంటిగంటన్నరకు మా పక్క బ్లాకులో గోల మొదలైంది. బెంగళూరులో మేముండే అపార్ట్‌మెంట్‌లో సగం మంది తెలుగువాళ్లే కాబట్టి ఎవరి ఇంట్లో ఏం జరిగినా పది నిమిషాల్లో అందరికీ తెలుస్తుంది. నాలుగో అంతస్తులో గుంటూరు కుర్రాడు ఒకడున్నాడు, నన్ను అన్నా అని పిలుస్తాడు. ఆ రోజు మధ్యాహ్నం తన పాత బేస్ గిటార్ బాడీని బ్లో టార్చ్‌తో కాల్చి, వైర్ బ్రష్‌తో రుద్ది, చెక్క చారలు నల్లగా తేలేలా చేసి అవిసె నూనె పట్టించాడు. ఏడింటికల్లా పని అయిపోయింది. టార్చ్ ఆర్పాడు, గ్యాస్ క్యాన్ విడదీశాడు, పక్కన బకెట్ నిండా నీళ్లు కూడా పెట్టుకున్నాడు. అంతా పద్ధతిగా చేసినవాడు, నూనె తుడిచిన రెండు బనియన్ గుడ్డల్ని ఉండచుట్టి, బట్టలుతికే యుటిలిటీలోని ప్లాస్టిక్ చెత్తబుట్టలో, పాత పేపర్ల మీద పడేసి భోంచేసి పడుకున్నాడు.

ఆరు గంటల తర్వాత అంటుకున్నది ఆ బుట్టే. నేను వెళ్లేసరికి మంట ఆర్పేశారు. వాషింగ్ మెషీన్ పక్క ప్యానెల్ నూనెలో వేసిన అప్పడంలా వంకర్లు తిరిగి ఉంది. బుట్ట ఉన్నచోట నేల మీద నల్లటి ముద్ద మిగిలింది. హాల్లో తాడుకు వేలాడుతున్న గిటార్ బాడీకి మాత్రం ఏమీ కాలేదు. "అన్నా, టార్చ్ ఆర్పాను, ఒట్టు" అని వాడు పదిసార్లు అన్నాడు. నిజమే, ఆర్పాడు. తప్పు టార్చ్‌ది కాదు.

చెక్కను కాల్చి అందం తేవడం జపాన్‌వాళ్ల పాత పద్ధతి. ఇళ్ల బయటి గోడలకు వేసే దేవదారు జాతి చెక్కల్ని ఇలా కాల్చేవాళ్లు. ఇప్పుడది గిటార్ల మీదికి వచ్చింది. చేస్తానని ఎవరైనా నన్ను అడిగితే కళ్లద్దాలు పెట్టుకో, జుట్టు ముడేసుకో లాంటివి చెప్పను. నిప్పు చేతిలో ఉన్నప్పుడు మనిషి ఎలాగూ జాగ్రత్తగానే ఉంటాడు. నిప్పు పక్కన పెట్టేశాక, చేతులు కడుక్కున్నాక వచ్చే ప్రమాదం గురించే నా బాధ.

అవిసె నూనె, టంగ్ ఆయిల్, డేనిష్ ఆయిల్ పేరుతో అమ్మే మిశ్రమాలు నీళ్లలాగా ఆవిరై ఆరవు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడతాయి. అలా కలిసేటప్పుడు వేడి పుడుతుంది. బాడీ మీద పల్చగా పరుచుకున్న నూనె వేడి గాలిలో కలిసిపోతుంది, మనకు తెలియను కూడా తెలియదు. అదే నూనె ఉండచుట్టిన గుడ్డలో ఉంటే లోపల పుట్టిన వేడికి బయటికి దారి ఉండదు. వేడి పెరిగేకొద్దీ నూనె ఇంకా వేగంగా గట్టిపడుతుంది, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. చివరికి అగ్గిపుల్ల లేకుండా, నిప్పురవ్వ లేకుండా గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. నేనొకసారి మడతపడ్డ గుడ్డ మధ్యలో వేలు పెట్టి చూశాను. అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా వెచ్చగా ఉంది. దాన్ని పక్కన పడేసి అప్పటికి గంట కూడా కాలేదు.

మా అమ్మకు ఈ కథ చెబితే, "వంటింట్లో నూనె గుడ్డ నలభై ఏళ్లుగా ఉంది, ఒక్కసారైనా అంటుకుందా?" అంది. అందరూ మోసపోయేది సరిగ్గా ఇక్కడే. కొబ్బరి నూనె గుడ్డ మీద ఎన్నాళ్లున్నా జిడ్డుగానే ఉంటుంది, గట్టిపడదు. అవిసె నూనె గట్టిపడుతుంది. వంటింటి అనుభవం ఇక్కడ పనికిరాదు. నూనె డబ్బా మీద సన్నక్షరాల్లో ఈ హెచ్చరిక ఉంటుంది, ఎవరూ చదవరు.

ఇది ఇంట్లో చేసుకునే చిన్న పని కాబట్టి చిన్న నష్టమే అనుకోవద్దు. 1991 ఫిబ్రవరి 23న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం తగలబడింది. 22వ అంతస్తులో చెక్కపని చేసినవాళ్లు వదిలేసిన అవిసె నూనె గుడ్డల దగ్గర మొదలైన మంట అది. ముగ్గురు ఫైర్ సిబ్బంది చనిపోయారు. 30వ అంతస్తులో వేడికి వాటంతటవే నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు ఉండబట్టి మంట అక్కడ ఆగింది.

అందుకని గుడ్డ విషయంలో చేయాల్సింది ఇది. తుడవడం అయిన వెంటనే, టీ తాగడానికి వెళ్లకముందే, గుడ్డను విప్పి ఒకే పొరగా బయట తీగ మీద ఆరేయండి. ఒకదాని మీద ఒకటి వేయొద్దు. అట్టలా బిరుసెక్కేదాకా అక్కడే ఉండనివ్వండి. బయట ఆరేసే చోటు లేకపోతే మూత ఉన్న రేకు డబ్బాలో నీళ్లు పోసి అందులో పూర్తిగా ముంచి మూత పెట్టండి. ప్లాస్టిక్ డబ్బా వద్దు. నూనె పీల్చిన రంపపు పొట్టుకూ, ఎమెరీ పేపర్ ముక్కలకూ, చేతి గ్లవ్స్‌కూ ఇదే లెక్క. పొడి చెత్త ఎత్తుకెళ్లేవాళ్ల సంచిలో అలాగే వేస్తే మంట మన ఇంట్లో కాకుండా వాళ్ల ఆటోలో లేస్తుంది.

ఇంత తలనొప్పి ఎందుకు అనుకుంటే నూనెకు బదులు వాటర్ బేస్డ్ పీయూ (పాలీయురేథేన్) పూత వేయండి. దాని గుడ్డలు ఇలా వేడెక్కవు. నూనె ఇచ్చే లోతు దానికి రాదని కొందరంటారు. నాకైతే స్టేజి లైట్ల కింద తేడా కనిపించలేదు.

ఇక కాల్చడానికి ముందు సంగతి. పాత రంగు పూర్తిగా పోయిందో లేదో చూడకుండా మంట పెట్టేవాళ్లే ఎక్కువ. ఫ్యాక్టరీ గిటార్ల మీద చాలావరకు పాలిస్టర్ గానీ పాలీయురేథేన్ గానీ పూత గాజు పెంకులా మందంగా ఉంటుంది. దాన్ని హీట్ గన్‌తో మెత్తబరిచి గీకినా, పొగ వచ్చేంత వేడి చేయొద్దు. పాలీయురేథేన్ కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ సయనైడ్ కూడా ఉంటుంది. పాతకాలపు నైట్రోసెల్యులోజ్ లాకర్ పూత అయితే ఇంకో రకం తంటా, అది భగ్గున అంటుకుంటుంది. రంగు పోయాక కింద కనిపించేది వట్టి చెక్కే అనుకోకండి. చాలా బాడీల మీద రంగు కింద కంటికి కనిపించని సీలర్ పొర ఉంటుంది. ఒక నీటి చుక్క వేయండి. చెక్కలోకి ఇంకితే సరే. తామరాకు మీద బొట్టులా నిలబడితే సీలర్ ఇంకా ఉన్నట్టే. ఎమెరీ పేపర్ పట్టి మళ్లీ రుద్దండి. ఆ పొర మీద టార్చ్ పెడితే బుడగలు లేచి బెల్లం పాకంలా అంటుకుంటుంది, అది ఇక ఊడదు.

రంగు తీయడానికి పెయింట్ రిమూవర్ వాడితే డబ్బా మీద మిథిలీన్ క్లోరైడ్ అని ఉందేమో చూడండి. అది చెక్క రంధ్రాల్లో దాక్కుంటుంది. మంట తగిలితే ఫాస్జీన్ పుడుతుంది, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన విషవాయువు అదే. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌తో తుడిస్తే ఆ రోజు టార్చ్ ముట్టుకోవద్దు. థిన్నర్ ఆవిరి గాలి కన్నా బరువు, నేల వెంబడి పాకుతూ పోతుంది. మీరు నిలబడ్డచోట వాసన లేకపోయినా మీ కాళ్ల దగ్గర ఉండొచ్చు.

చెక్క ఏమిటో తెలుసుకోండి. యాష్ అనే చెక్క అయితే మీ అదృష్టం. దాని మెత్తటి భాగం కాలి, గట్టి చార నిలుస్తుంది, బ్రష్ కొడితే చారలు చేతికి తగులుతాయి. ఆల్డర్ పర్వాలేదు. బాస్‌వుడ్‌ను కాల్చొద్దు. దానికి చారలే సరిగా ఉండవు, మాడిన దోసెలా ఒకే మసి మిగులుతుంది. చవక గిటార్ అయితే నాబ్‌ల వైర్లుండే గుంత (కంట్రోల్ క్యావిటీ) మూత తీసి లోపలి అంచు చూడండి. పొరలు పొరలుగా కనిపిస్తే అది ప్లైవుడ్, జిగురు విడిపోతుంది, వదిలేయండి. పైన పల్చటి చెక్క పొర (వెనీర్) అతికించిన బాడీ కూడా అంతే.

నెక్ (తీగలు సాగే పొడవాటి భాగం) కూర్చునే గుంతను కాల్చొద్దు. అక్కడ అర మిల్లీమీటరు చెక్క బొగ్గయి రాలినా నెక్ వదులవుతుంది. ఆ గుంత కొలతకు చెక్కముక్క కోసి, అల్యూమినియం ఫాయిల్ చుట్టి బిగించండి. తీగల కదలికను పట్టే పికప్‌ల గుంతల్లో, కరెంటు గోల రాకుండా పూసిన నల్ల షీల్డింగ్ పెయింట్‌కు మంట తగలనివ్వద్దు. గుంతకూ గుంతకూ మధ్య వైరు పోయే సన్నటి సొరంగం ఉంటుంది, దాని రెండు వైపులా ఫాయిల్ కుక్కండి. నేను కుక్కకుండా కాల్చిన మొదటి బాడీకి అరగంట తర్వాత ఆ సొరంగంలోంచి అగరుబత్తీలా సన్నగా పొగ వచ్చింది. బయటికి ఏమీ కనిపించదు, లోపల కణకణలాడుతూ ఉంటుంది. అందుకే కాల్చిన బాడీని గంటసేపు సిమెంటు నేల మీద, ఆరుబయట, కళ్ల ముందే ఉంచుకోవాలి. ఆ గంట అయ్యాకే బ్రష్, ఆ తర్వాతే నూనె.

మిగతావి వరసగా చెప్పేస్తాను.

తీగలు వదులు చేశాకే నెక్ విప్పండి.

ఒక్కవైపే కాల్చొద్దు, బాడీ వంగుతుంది. కాసేపు ముందు, కాసేపు వెనక.

టార్చ్ ఒకేచోట ఆపొద్దు. బాడీకి కొమ్ముల్లా పొడుచుకొచ్చిన చోట చెక్క సన్నం, తొందరగా మాడుతుంది.

క్యాన్ తలకిందులు చేయొద్దు. గ్యాస్ ద్రవంగా బయటికొచ్చి మంట ఒక్కసారిగా మూరెడు లేస్తుంది.

నడి ఎండలో చేయొద్దు. ఆ వెలుతురులో నీలి మంట కనిపించదు, ఉందో లేదో తెలియక చెయ్యి పెడతారు.

బెంగళూరులో ఆషాఢం గాలికి టెర్రస్ మీద అసలు చేయొద్దు.

వంటగ్యాస్ పైపు వచ్చే యుటిలిటీలో వద్దు. బట్టలు ఆరేసిన బాల్కనీలో వద్దు.

నైలాన్ ట్రాక్ ప్యాంటు వద్దు. అది కరిగి చర్మానికి అంటుకుంటుంది. పాత కాటన్ ప్యాంటు వేసుకోండి.

బొగ్గు దుమ్ము బ్రష్ చేసేటప్పుడు ఎన్95 మాస్క్. చేతిరుమాలు చాలదు.

నీళ్ల బకెట్ చేతికి అందేంత దూరంలో. ఇంట్లో ఇంకో మనిషి, మెలకువగా.

చెయ్యి కాలితే కుళాయి కింద ఇరవై నిమిషాలు. పేస్టూ ఇంకూ రాయొద్దు.

మంట చెయ్యి దాటిపోతే వీడియో తీయొద్దు, 101కో 112కో ఫోన్ చేసి బయటికి వచ్చేయండి.

గుడ్డ ఉండచుట్టొద్దు.

గుడ్డ బుట్టలో వేయొద్దు. రేపు వేద్దాంలే అని బాత్రూమ్ మూల పెట్టొద్దు. కారు డిక్కీలో పెట్టొద్దు. పనిమనిషి ఎత్తుకెళ్లి ఇంకేదైనా తుడిచేలా గట్టు మీద వదలొద్దు.

మా గుంటూరు కుర్రాడు రెండో బాడీ మొదలుపెట్టాడు. నిన్న రాత్రి పదకొండింటికి నాకు ఫోటో పంపాడు. గిటార్‌ది కాదు, బాల్కనీ తీగ మీద క్లిప్పులు పెట్టి విడివిడిగా ఆరేసిన రెండు గుడ్డలది. "లోపలికి తెచ్చేయనా అన్నా?" అని అడిగాడు. ముట్టుకుంటే ఎలా ఉందిరా అన్నాను. ఇంకా మెత్తగానే ఉందన్నాడు. అయితే అక్కడే ఉంచు.