పద్నాలుగు రావాల్సిన చోట పదిహేనున్నర

నల్గొండలో మా అన్నయ్య కూతురు డిగ్రీ మొదటి సంవత్సరంలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటోంది. ఒక సంఖ్యలోని అంకెల మొత్తం కనుక్కునే ప్రోగ్రామ్ రాసి, మా ఊరి పిన్ కోడ్ 508001 ఇచ్చింది. రావాల్సింది 14. తెరమీద 15.5555 అంటూ బారెడు దశాంశాలు. "బాబాయ్, దీనికి కూడిక కూడా రాదా?" అని విసుక్కుంది.

కూడిక సరిగానే ఉంది. ఇలాంటప్పుడు కోడ్‌ను తేరిపార చూస్తూ కూర్చోవడం దండగ. లూప్ (అదే పనిని మళ్లీ మళ్లీ చేసే భాగం) లోపల విలువను తెరమీద చూపే ఒక ప్రింట్ పెట్టి, ప్రతి చుట్టులో ఎన్ (మనమిచ్చిన సంఖ్యకు ప్రోగ్రామ్‌లో పెట్టిన పేరు) విలువ ఎంతో చూడాలి. చూశాం: 508001, 50800.1, 5080.01... దొంగ దొరికాడు. ప్రతి చుట్టులో చివరి అంకెను మొత్తానికి కలిపాక, దాన్ని తీసేయడానికి పదితో భాగిస్తూ ఆమె / వాడింది. పైథాన్ 3లో అది దశాంశాలతో సహా భాగిస్తుంది. అంకె ఊడిపోదు, చుక్క దాటి వెనక్కి వెళ్తుంది; చివరి అంకెను పట్టుకోవడానికి వాడే % 10 (పదితో భాగిస్తే మిగిలే శేషం) దాన్ని మళ్లీ లెక్కలో కలిపేస్తుంది. ఆరు చుట్లలో ఆగాల్సిన వైల్ లూప్, ఎన్ నిజంగా సున్నా అయ్యేదాకా మూడు వందలకు పైగా చుట్లు తిరిగింది. కంప్యూటర్ వేగంలో ఆ సంగతి కంటికి ఆనలేదు.

/ బదులు, దశాంశాలను వదిలేసి భాగించే // పెట్టగానే 50800, 5080, 508, 50, 5, 0. మొత్తం 14.

తిరగేసినా అదే సంఖ్య వస్తుందా అని చూసే లెక్కకూ ఇదే లూప్. కాకపోతే అక్కడ ఎన్‌ను ముందే మరో పేరుతో దాచుకోవాలి, లూప్ ముగిసేసరికి ఎన్‌లో మిగిలేది సున్నాయే. సీ అనే మరో ప్రోగ్రామింగ్ భాషలో పూర్ణాంకాలకు / ఒక్కటే చాలు, అక్కడ అదే దశాంశాలను వదిలేస్తుంది. సీ పుస్తకం ముందు పెట్టుకుని పైథాన్ రాసేవాళ్లకే ఈ తంటా.