ఇంట్లో చెమ్మ: అది వచ్చే దారి కనిపెట్టి ఇల్లు ఆరబెట్టుకోవడం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నైరుతి వానలు మొదలైన పక్షం రోజులకే ఇళ్లలో కొన్ని గుర్తులు కనిపిస్తాయి. జాడీలో ఉప్పు చెమర్చి ముద్దకడుతుంది, అగ్గిపుల్ల గీస్తే మందు రాలుతుందే గాని వెలగదు, చెక్క తలుపు ఉబ్బి గడియ పడదు, బీరువా తెరవగానే ముక్కిన వాసన వస్తుంది. అక్టోబరులో వాయుగుండాల కాలం వచ్చేసరికి గోడల మీద మచ్చలు కూడా దిగుతాయి. వీటన్నిటినీ చెమ్మ అనే ఒక్క మాటతో సరిపెడతాం గాని, ఇందులో రెండు వేర్వేరు సంగతులున్నాయి. గాలిలో ఆవిరిగా ఉన్న తేమ ఒకటి, గోడలోకి ఇంకిన నీరు మరొకటి. మొదటిది కిటికీలతో, ఫ్యాన్లతో, మన అలవాట్లతో సర్దుకునే వ్యవహారం. రెండోదానికి తాపీ మేస్త్రి రావలసిందే.

ఒకదానికి చేయవలసిన వైద్యం రెండోదానికి చేసి డబ్బు పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. విజయనగరంలో మా ఇంటి పడకగది గోడకు వరుసగా మూడేళ్లు పైడితల్లమ్మ పండుగకు ముందు రంగు వేయించాను. మూడుసార్లూ సంక్రాంతి నాటికి ఆ రంగు పెచ్చులుగా లేచింది. నాలుగో ఏట గోడ తవ్వించి చూస్తే, అవతలి స్నానాలగదికి వెళ్లే నీటి గొట్టం అతుకు దగ్గర చుక్క చుక్కగా కారుతోంది.

ముందుగా గోడను చదవాలి

మచ్చ ఎక్కడ ఉందో, ఎప్పుడు పెరుగుతుందో గమనిస్తే సగం సంగతి తెలిసిపోతుంది. గచ్చు దగ్గర మొదలై మూడు నాలుగు అడుగుల ఎత్తున అలలాంటి గీతతో ఆగి, ఆ గీత వెంట తెల్లటి ఉప్పు పొడి కనిపిస్తే, నీరు పునాది నుంచి ఇటుకల సన్నటి రంధ్రాల గుండా పైకి పాకుతున్నట్టు. శ్లాబు మూలలో మొదలై, వాన వెలిసిన కొన్ని గంటలకో మర్నాటికో ముదురుతుంటే డాబాను అనుమానించాలి. కిటికీ కింది మూలల్లో తడి కనిపిస్తే సన్‌షేడు మీద నీరు నిలిచి లోపలికి వస్తున్నదేమో, చట్రానికీ గోడకూ మధ్య సందు పడిందేమో చూడాలి. ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ ఒకేలా ఉండే మచ్చ చాలా వరకు గొట్టం పనే; రాత్రి కొళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో నీటి మట్టం దగ్గర గీత గీసి, తెల్లవారి ఆ గీతతో పోల్చి చూస్తే అనుమానం తీరుతుంది. ఇవేవీ కాకుండా, మంచం వెనకా బీరువా వెనకా నల్లటి చుక్కల బూజు మాత్రమే పట్టి గోడ గట్టిగానే ఉంటే, అది గాలిలోని తేమ వల్ల వచ్చినది.

అప్పటికీ తేలకపోతే ఒక తేలికైన పరీక్ష ఉంది. వంటింట్లో వాడే అల్యూమినియం రేకు కాగితాన్ని అడుగు చదరంగా కత్తిరించి, మచ్చ ఉన్న చోట గోడకు ఆనించి, నాలుగు అంచులూ గాలి చొరబడకుండా టేపుతో అతికించాలి. రెండు రోజుల తరవాత రేకు పైభాగాన, అంటే గదివైపు, నీటి బిందువులు కనిపిస్తే తేమ గాలిలోది. రేకు తీశాక గోడవైపు తడిగా ఉంటే నీరు గోడలోనే ఉంది.

గాలి తేమను కొలవడానికి చిన్న డిజిటల్ హైగ్రోమీటరు చాలు. చవక రకాలు తప్పు చూపించడం మామూలే కాబట్టి కొన్నాక సరిచూసుకోవాలి. ఒక సీసా మూతలో వంట ఉప్పు వేసి, బురదలా తడిసేటంత నీరు పోసి, మీటరుతో పాటు గాలి పోని ప్లాస్టిక్ సంచిలో ఒక పగలంతా ఉంచితే లోపలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీటరు 80 చూపిస్తే అది ఐదు ఎక్కువ చెబుతోందని గుర్తుపెట్టుకుంటే సరి. ఇంట్లో తేమ 60 శాతం దాటకుండా ఉండటం మంచిది. మన తీరంలో శ్రావణ భాద్రపదాల్లో యంత్రం లేకుండా అది కుదిరే పని కాదు కనుక, 70 పైన రోజుల తరబడి నిలిచిపోకుండా చూసుకోవడమే ఆచరణలో పెట్టుకోదగిన హద్దు.

గాలిలోని తేమ

పన్నెండడుగుల చదరపు గది, పదడుగుల ఎత్తు అనుకుందాం. 30 డిగ్రీల వేడిలో 80 శాతం తేమ ఉంటే ఆ గది గాలిలో దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా ఉన్నట్టు లెక్క. ఈ అంకెను మనసులో పెట్టుకుని మన ఇంటి పనులను చూడాలి. వానాకాలమని ఒక బకెట్టు బట్టలు గదిలో తాడు కట్టి ఆరేస్తే, అవి ఆరేసరికి లీటరు, రెండు లీటర్ల నీరు ఆ గాలిలోకే చేరుతుంది. గ్యాసు మండినప్పుడు కూడా నీటి ఆవిరి పుడుతుంది, 14.2 కిలోల సిలిండరు అయిపోయేసరికి అది వంటింటి గాలిలో కలిపే నీరు సుమారు 22 లీటర్లు. అన్నం, పప్పు ఉడికేటప్పుడు వచ్చే ఆవిరి ఇందులో చేరలేదు. అందుచేత వంట చేస్తున్నంతసేపూ, ఆ తరవాత మరో పావుగంటా ఎగ్జాస్ట్ ఫ్యాను తిరగాలి, వంటింటి తలుపు హాలువైపు మూసి ఉండాలి. స్నానాలగదికీ ఇదే పద్ధతి. బట్టలు ఆరేయడానికి వరండాయో, కప్పు ఉన్న మేడమెట్ల చోటో వాడుకోవాలి. అది లేనివారు ఒక గదిని అందుకే కేటాయించి, దాని కిటికీ తెరిచి, లోపలి తలుపు మూసి, ఫ్యాను వేయాలి.

కిటికీలు ఎప్పుడూ తెరిచే ఉంచాలన్న మాట అన్నివేళలా సరికాదు. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలి 26 డిగ్రీల చల్లదనం గల ఏ వస్తువును తాకినా నీరవుతుంది. సముద్రంవైపు నుంచి ఉక్కగాలి తిరిగిన రోజున నేలంతస్తు గచ్చు చెమర్చడానికి కారణం ఇదే. అలాంటి రోజున తుడిచిన కొద్దీ తడి వస్తూనే ఉంటుంది. కిటికీలు మూసి, ఫ్యాను వేసి, గచ్చు వేడెక్కనివ్వడం ఒక్కటే దారి. వాన వెలిసి కాస్త ఎండ కాసిన మధ్యాహ్నాలు మాత్రం ఎదురెదురు కిటికీలు తీసి గాలి ఆడనివ్వాలి. మీటరు ఒకటి లోపల, ఒకటి వరండాలో పెట్టుకుంటే ఊహతో పని ఉండదు. రెండుచోట్లా వేడి ఒకేలా ఉన్నప్పుడు ఏ అంకె తక్కువైతే ఆ వైపు గాలి మేలు.

ఏసీ ఉన్న ఇళ్లలో మరో చిక్కు వస్తుంది. గదిని రాత్రంతా 20 డిగ్రీల దగ్గర ఉంచితే ఆ గది గోడ అవతలి ముఖం కూడా చల్లబడి, పక్క గదిలోని ఉక్కగాలి దాని మీద నీరుగా మారుతుంది. ఆ గోడకే బీరువా ఆనించి ఉంటే లోపలి పట్టుచీరల గతి చెప్పనక్కరలేదు. ఏసీని 26 దగ్గర ఉంచి, బీరువాను గోడకు నాలుగంగుళాల దూరం జరపాలి. వానాకాలంలో ఏసీలోని ‘డ్రై’ పద్ధతి తేమ తీయడానికి బాగా పనికివస్తుంది. విడిగా డీహ్యుమిడిఫయరు, అంటే గాలిలోని తేమ తీసే యంత్రం, కొనేవారు రెండు సంగతులు తెలుసుకోవాలి: అది పనిచేసేటప్పుడు గది వేడెక్కుతుంది, తలుపులు, కిటికీలు తెరిచి పెట్టి నడిపితే వీధిలోని తేమను పీల్చడమే అవుతుంది. గది మూలన గిన్నెలో ఉప్పు పోసి పెట్టడం వల్ల ఫలితమేమీ లేదు. కాల్షియం క్లోరైడ్ ఉన్న తేమ పీల్చే డబ్బాలు మూసిన బీరువాలో బాగానే పనిచేస్తాయి గాని, తెరిచిన గదిలో అవీ వృథాయే.

బట్టల దగ్గర ఒక మాట. పొందూరు ఖద్దరు పంచెలను, చీరలను గంజి పెట్టి మడతపెట్టడం మనకు ముచ్చటే, కాని వానాకాలంలో దాచే బట్టకు గంజి ఉండకూడదు; బూజుకూ, వెండిరంగు పురుగులకూ అది విందుభోజనం. జ్యేష్ఠంలోనే గంజి పోయేలా ఉతికి, ఎండలో కరకరలాడేలా ఆరబెట్టి, ఆ వేడి చల్లారాక పెట్టెలో సర్దాలి. కర్పూరం, కలరా ఉండలు, వేపాకు పురుగులను తోలడానికే గాని తేమను తీయవు. పలాస జీడిపప్పును బిగుతు మూత ఉన్న డబ్బాలో ఉంచితే మెత్తబడదు. తేమ పీల్చి రంగు మారే సిలికా జెల్ పొట్లాలను మాత్రం తినే వస్తువుల దగ్గర పెట్టవద్దు.

గోడలోని నీరు

పని పైనుంచి కిందికి సాగాలి. వైశాఖంలోనే డాబా ఎక్కి తూములలోని ఆకులు, పావురాల చెత్త తీయాలి. వందడుగులకు అడుగైనా వాలు లేని డాబా మీద నీరు నిలుస్తుంది, నిలిచిన నీరు దారి వెతుక్కుంటుంది. తూములు గుడ్డతో మూసి, అంగుళం నీరు పెట్టి ఒక రోజంతా ఉంచితే శ్లాబు ఎక్కడ కారుతుందో తేలుతుంది. పిట్టగోడకూ శ్లాబుకూ కలిసే మూల ఎక్కువగా పగిలే చోటు. అక్కడి పగులును కాస్త వెడల్పు చేసి పూడ్చి, మూలను గుండ్రంగా సిమెంటుతో మలిచి, ఆ పైన వాటర్ ప్రూఫింగ్ పూత వేయించాలి. పగుళ్లు పూడ్చకుండా పూత మాత్రం వేస్తే రెండేళ్లు కూడా నిలవదు. రోజూ పొంగిపోయే ట్యాంకు, డాబా మీద నేరుగా పెట్టిన పూలకుండీలు కూడా ఈ నేరంలో భాగస్వాములే.

పునాది నుంచి పాకే చెమ్మకు ముందు ఇంటి చుట్టూ చూడాలి. గోడకు ఆనించి పోసిన మట్టి, అరుగు ఎత్తుకు పెరిగిన పెరడు, పగిలిన మురుగు కాలువ, చూరు నీరు గోడ మొదట్లో పడటం, వీటిలో ఒకటి తప్పకుండా ఉంటుంది. బయటి నేల లోపలి గచ్చు కన్నా కనీసం ఆరంగుళాలు కిందుండాలి. నాగావళి, వంశధార ఒడ్డు ఊళ్లలో, తీరపు ఇసుక నేలల్లో వానాకాలాన భూగర్భ జలం పైకి వస్తుంది కనుక, ఇల్లు కట్టేటప్పుడే పునాది మీద నీటిని ఆపే పొర వేయించడం తేలిక. అది లేని పాత ఇళ్లలో గోడ అడుగున వరుసగా రంధ్రాలు చేసి, నీటిని వికర్షించే సిలికాన్ జాతి ద్రావణం ఎక్కించే పద్ధతి ఉంది. మేస్త్రి అనుభవాన్ని బట్టే దాని ఫలితం ఉంటుంది.

చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. తడి గోడకు లోపలివైపు సిమెంటు గిలాబా దట్టంగా వేసి, పుట్టీ పెట్టి, ప్లాస్టిక్ రంగు పూస్తే నీరు బయటికి ఆరే దారి మూసుకుపోయి, చెమ్మ ఇంకా పైకి పాకుతుంది. పాత పెంకుటిళ్లలో ఏటా సంక్రాంతికి వెల్ల వేసే ఆచారం ఈ విషయంలో తెలివైనది: సున్నం ఆవిరిని ఆపదు, దాని క్షారగుణం బూజును ఎదగనివ్వదు. చెమ్మ గోడకు పాడైన గిలాబాను ఉప్పు గీత పైన అడుగున్నర వరకు తీయించి, సున్నం గిలాబా, సున్నపు పూత వేయించడం మేలు. ఉప్పును పొడి కుంచెతో దులిపి ఎత్తేయాలి. నీటితో కడిగితే తిరిగి గోడలోకే పోతుంది.

తుపాను తరవాతి పరిస్థితి వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు వాన గోడకు అడ్డంగా కొట్టింది, ఆపైన కరెంటు రోజుల తరబడి లేదు. ఫ్యాను లేకుండా ఆరబెట్టే ఏర్పాటు అందుకే ముందే ఆలోచించుకోవాలి. తడిసిన వస్తువు ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు పడుతుంది కనుక పరుపులు, దిండ్లు, పుస్తకాలు ముందు బయటికి చేర్చాలి. లోపలిదాకా నానిన దూది పరుపు మీద ఆశ వదులుకోవడమే మంచిది. తడిసిన స్విచ్చి బోర్డులను ఎలక్ట్రీషియన్ చూసేదాకా ముట్టుకోకూడదు.

పట్టిన బూజును పొడిగా గీకితే దాని పొడి గదంతా లేస్తుంది. ముక్కుకు ఎన్95 మాస్కు, చేతులకు తొడుగులు వేసుకుని, సబ్బు నీటిలో ముంచిన గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. ఉబ్బసం ఉన్నవారు ఆ పూట ఇంట్లో ఉండకూడదు. బ్లీచింగ్ వాడేవారు దానిలో మరుగుదొడ్డి యాసిడ్ కలిపితే విషవాయువు పుడుతుంది.

గోడ పనికి మంచి అదను సంక్రాంతి నుంచి ఉగాది దాకా. పని అయ్యాక రంగు డబ్బా తెరిచే ముందు అల్యూమినియం రేకును మళ్లీ అతికించి చూడాలి; రెండు రోజుల తరవాత గోడవైపు ఏ మాత్రం తడి ఉన్నా ఆగాలి. గొట్టం మార్చాక మా గోడ ఇటుకలు బయటపెట్టుకునే ఉగాది దాకా నిలబడింది, చైత్రం చివర్లో గాని రంగు పడలేదు.