ఏజెన్సీ గూడెంలో ఇంటి దాకా ఇంటర్నెట్ తెచ్చుకోవడం ఎలా

పాడేరు, చింతపల్లి వైపు కొండ గూడేల్లో సిగ్నల్ కోసం పిల్లలు పుస్తకాలతో గట్టు ఎక్కి కూర్చోవలసి రావడం బాధాకరం. టవరే లేని చోట ఇంటివారు చేయగలిగింది తక్కువ. గట్టు మీద సిగ్నల్ ఉండి ఇంట్లో లేకపోతే మాత్రం దాన్ని కిందికి తెచ్చుకోవడానికి మార్గం ఉంది.

ఏమీ కొనకముందే కొలవాలి. ఫోన్‌పై కనిపించే గీతలను నమ్మకూడదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోని ‘అబౌట్ ఫోన్’లో సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం డీబీఎం అనే కొలమానంలో, మైనస్ గుర్తుతో కనిపిస్తుంది. 4జీలో ఆ అంకె మైనస్ 90 దగ్గర ఉంటే పని హాయిగా సాగుతుంది, మైనస్ 110 దాటితే వీడియో పాఠం ఆగి ఆగి వస్తుంది, మైనస్ 120 దగ్గర దాదాపు ఏమీ అందదు. 10 డీబీఎంలు తగ్గితే, అంటే మైనస్ 90 కాస్తా మైనస్ 100 అయితే, అందే శక్తి పదో వంతుకు పడిపోయినట్లే. ఇంట్లో, వాకిట్లో, ఇంటి కప్పుపై, గట్టుపై, ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి చూసి కాగితంపై రాసుకోవాలి. రాత్రివేళ అంకె మారకుండా వేగం మాత్రమే పడిపోతుంటే అది టవర్‌పై రద్దీ కావచ్చు కాబట్టి, అప్పుడు యాంటెన్నా కొన్నా పెద్దగా ఫలితం ఉండదు.

ఇదే కొలతను బంధువుల దగ్గర ఉన్న వేర్వేరు కంపెనీల సిమ్‌లతోనూ తీసుకోవాలి. 700, 850, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు 2300 మెగాహెర్ట్జ్ తరంగాలకంటే ఎక్కువ దూరం వెళ్తాయి, చెట్ల అడ్డును కూడా మెరుగ్గా దాటుతాయి. అందుకే, టవర్ వాడే తరంగాలను బట్టి, పక్క ఊళ్లో బాగా పనిచేసే సిమ్ మీ గూడెంలో పనిచేయకపోవచ్చు. 4జీ అందని 24,680 గ్రామాలకు ఆ సేవ చేర్చే బాధ్యతను కేంద్రం 2022లో బీఎస్ఎన్ఎల్‌కు అప్పగించింది కనుక, ఎప్పుడో వదిలేసిన ఆ సిమ్‌ను కూడా మరొకసారి పరీక్షించడం మంచిది.

అంకె బాగున్న చోటు తెలిశాక, సిమ్ వేసుకునే 4జీ రూటర్లలో ఆరుబయట అమర్చే రకాన్ని ఎంచుకుని, ఇనుప గొట్టం పైన, వీలైతే చెట్ల కొమ్మలకంటే ఎత్తులో, టవర్ దిక్కుకు తిప్పి బిగించాలి. కొద్దికొద్దిగా తిప్పుతూ ప్రతిసారీ అంకె చూసుకోవాలి. రూటర్‌ను ఇంట్లో ఉంచి యాంటెన్నాను మాత్రమే పైకి ఎక్కించే పద్ధతిలో, 10 మీటర్ల సన్నని యాంటెన్నా తీగలోనే సగానికి పైగా సిగ్నల్ పోతుంది. రూటరే పైన ఉంటే అక్కడినుంచి 100 మీటర్ల వరకు మామూలు లాన్ తీగ నష్టం లేకుండా డేటాను తెస్తుంది, రూటర్‌కు కావలసిన కరెంటు కూడా అదే తీగలో పైకి వెళ్తుంది. గొట్టానికి ఎర్తింగ్ తప్పనిసరి; ఉరుములు మొదలుకాకముందే తీగలు ఊడదీయాలి. సంతల్లో, ఆన్‌లైన్‌లో దొరికే సిగ్నల్ బూస్టర్లను మాత్రం కొనవద్దు. అనుమతి లేకుండా వాటిని వాడటం చట్టవిరుద్ధం, పైగా వాటివల్ల చుట్టుపక్కల అందరి ఫోన్ల సిగ్నల్ దెబ్బతినవచ్చు.

కరెంటు పోయినా రూటర్ ఆగకుండా దాని వోల్టేజీకి సరిపోయే చిన్న యూపీఎస్ పెట్టుకోవచ్చు.

పంచాయతీలకు ఇంటర్నెట్ చేర్చే కేంద్ర పథకం భారత్‌నెట్ ఫైబర్ మీ పంచాయతీ కార్యాలయం దాకా వచ్చిందేమో అక్కడే అడిగి తెలుసుకోవాలి. కార్యాలయం నుంచి గూడెం కంటికి నేరుగా కనిపిస్తూ ఉంటే, కనెక్షన్ ఇచ్చే సంస్థ అనుమతితో 5 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ పరికరాల జత అమర్చి, తీగ లాగకుండానే కొన్ని కిలోమీటర్లు దాటించవచ్చు. పది ఇళ్లు కలిసి బడికో అంగన్‌వాడీకో ఈ ఏర్పాటు చేసుకోవడం, ఇంటికొక రూటర్ కొనడం కంటే మేలని నా అభిప్రాయం.

ఉన్న సేవ తరచుగా ఆగిపోతుంటే మీ సిమ్ కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తప్పక తీసుకోవాలి. పరిష్కారం దొరకకపోతే అదే కంపెనీ అప్పీలు అధికారికి ఉచితంగా రాయవచ్చు. మొదట కాగితంపై రాసుకున్న అంకెలను తేదీ, సమయం, చోటుతో సహా ఆ అప్పీలులో చేర్చాలి.