కుండీల పాఠాలు, నాలుగో భాగం: శివరాత్రి లోపు కత్తెర పని

పోయిన పాఠంలో కలిపి, గోనెసంచిలో పోసి నీడన పెట్టమన్న మట్టిని ఇప్పుడు బయటికి తీయండి. ఒక పిడికెడు పట్టి నొక్కి చూడండి. ముద్దగా నిలబడి, వేలితో తడితే పొడిపొడిగా విడిపోయిందంటే సిద్ధమైనట్టే. జిగటగా వేళ్లకు అంటుకుంటే ఇంకాస్త ఇసుకో కొబ్బరిపొట్టో కలపండి. ఇవాళ దానితో చాలా పనుంది.

ముందు "ఎప్పుడు" అన్నది తేల్చుకుందాం. ఈ పాఠంలో సగం అదే. ఇంగ్లీషు వీడియోలు చూసి చాలామంది మార్చి నెలాఖరులోనో ఏప్రిల్‌లోనో తోట శుభ్రం మొదలుపెడతారు. వాళ్ల దేశాల్లో మంచు వదిలేది అప్పుడు. మన వసంతం అంటే చైత్ర వైశాఖాలు, డాబా మీద చెప్పుల్లేకుండా నిలబడలేని రోజులు. ఆ ఎండల్లో ఆకు దూసి కొమ్మ కొట్టేస్తే మొక్క చిగురించే మాట అటుంచి, మోడైపోతుంది. మన మొక్కలకు కత్తెర పడాల్సింది శిశిరంలో, అంటే మాఘ ఫాల్గుణాల్లో. వీధిలో వేపచెట్టు ఆకు పసుపెక్కుతోందంటే మీరూ కత్తెర నూరుకోవచ్చు. మాది హైదరాబాద్‌లో రెండో అంతస్తు పైన డాబా. నేను రథసప్తమికి మొదలుపెట్టి శివరాత్రికల్లా ముగించేస్తాను. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది, ఆ మర్నాటి నుంచి ఉగాదికి సరిగ్గా నెల. మొక్క వేరు సర్దుకుని చిగురేసుకోవడానికి ఆ నెల చాలు. కోస్తా వాళ్లకు చలి ఎలాగూ తక్కువ కాబట్టి సంక్రాంతి వెళ్లిన వారం నుంచే మొదలుపెట్టుకోవచ్చు.

పనిముట్లు పెద్దగా ఏమీ లేవు. కొమ్మలు కత్తిరించే కట్టర్ ఒకటి, పాత కూరగాయల కత్తి, మట్టి గీకడానికి ఒక చిన్న తవ్వుకోల. కట్టర్ పదునుగా లేకపోతే కొమ్మ తెగదు, నలుగుతుంది. నలిగిన చోటు నుంచి కుళ్లు దిగుతుంది. ఒక్కో మొక్క అయ్యాక స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో కట్టర్ అంచులు తుడవండి. ఒక మొక్క రోగం ఇంకో మొక్కకు మోసుకుపోయేది మన చేతిలోని కత్తెరే.

మొదటి అభ్యాసం: గోరుతో గీకడం

ఏ కొమ్మ బతికుందో ఏది చచ్చిందో పైకి చూస్తే తెలియదు. బొటనవేలి గోరుతో బెరడు కొంచెం గీకండి. కింద పచ్చగా, తడిగా కనిపిస్తే ప్రాణం ఉన్నట్టు. గోధుమరంగులో పొడిగా ఉంటే పోయినట్టు. కొస నుంచి కిందికి గీక్కుంటూ రండి, పచ్చదనం ఎక్కడ మొదలైతే అక్కడ ఆగండి. ఆ కింద కణుపు, అంటే ఆకు పుట్టే ముడి, వెతకండి. కణుపుకి పైన పావు అంగుళం వదిలి, కొంచెం ఏటవాలుగా కత్తిరించాలి. ఎక్కువ వదిలితే ఆ ముక్క ఎండి నల్లబడుతుంది. మరీ ఆనించి కోస్తే కణుపులో చిగురు పుట్టే కన్నే పోతుంది. ఇవాళ మందారం మీదో నందివర్ధనం మీదో పది కొమ్మలు గీకి చూడండి. పదకొండోదానికి గీకక్కర్లేదు, రంగు చూడగానే కన్ను పట్టేస్తుంది.

మల్లె

ఈ పాఠంలో ఎక్కువసేపు ఆగాల్సింది మల్లె దగ్గరే. ఎందుకంటే గుండుమల్లె పాత కొమ్మ మీద పూయదు, కొత్త చిగురు కొసనే మొగ్గ వేస్తుంది. కత్తిరించకుండా వదిలేస్తే ఆకు బాగానే ఉంటుంది, పూలు మాత్రం గుప్పెడు వస్తాయి. "మా మల్లె ఏపుగా ఉందండీ, పూయదు" అనేవాళ్లు నూటికి తొంభైమంది కత్తెర పెట్టనివాళ్లే.

పెద్ద మల్లెతోటల్లో ఇదే పనిని ఎలా చేస్తారో చూస్తే కిటుకు తెలుస్తుంది. చలికాలంలో నీళ్లు కట్టడం ఆపి మొక్కను వాడబెడతారు. కొమ్మలు కత్తిరిస్తారు. కొన్నిచోట్ల గొర్రెల మందను తోలి ఆకంతా మేపిస్తారు. ఆకు పోయి, నీరు లేక, మొక్క ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. అప్పుడు ఎరువు వేసి ఒక్కసారి నీళ్లు కడితే కణుపు కణుపుకీ చిగురు తోసుకొస్తుంది.

మనకు గొర్రెలు లేవు, వేళ్లున్నాయి. కానీ ఒక జాగ్రత్త. చేలో వేరు లోతుగా దిగి ఉంటుంది కాబట్టి వాడబెట్టినా తట్టుకుంటుంది. కుండీలో అడుగున్నర మట్టే కదా. నేను మొదటి ఏడాది ఈ తేడా తెలియక గ్రోబ్యాగ్‌లో మల్లెకి మూడు వారాలు చుక్క నీళ్లు పోయలేదు. తర్వాత గీకి చూస్తే మొదలు దాకా గోధుమరంగే. అత్తయ్య ఆ ఎండుపుల్ల చేతిలో పట్టుకుని "మొక్కకి ఉపవాసం చెప్పావా, ఏకంగా సన్యాసమిప్పించావా?" అన్నారు. కుండీ మల్లెకి వారం, మహా అయితే పది రోజులు నీళ్లు తగ్గించండి. ఆకు వాడి వేలాడిందంటే ఒక చెంబెడు పోయండి. అంతే.

తర్వాత ఆకు దూయాలి. కొమ్మను పైన ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి బొటనవేలు, చూపుడు వేలు మధ్య ఆకును కింది నుంచి పైకి, కొస వైపు లాగండి. పై నుంచి కిందికి లాగితే బెరడు చీరుకుపోతుంది. ఆకు ఊడిన చోట కాడ మచ్చ కనిపిస్తుంది. దానికి పైనే, కళ్లు చిట్లించి చూస్తే, ఆవగింజంత ఉబ్బు ఉంటుంది. మీకు రాబోయే పూలన్నీ అందులో ఉన్నాయి. అది రాలకుండా దూయడమే నేర్పు.

ఆకు పోయాక మొక్క అస్థిపంజరం బయటపడుతుంది. ఎండుపుల్లలు, పెన్సిల్ కంటే బాగా సన్నగా ఉన్న పీల కొమ్మలు, ఒకదాన్నొకటి రాసుకునేవి, మట్టికి ఆని పాకేవి మొదలంటా తీసేయండి. మిగిలిన వాటిని మట్టి నుంచి అడుగున్నర ఎత్తులో కోయండి. మొదటిసారి చేసేవాళ్లకు చెయ్యి రాదు. నాకూ రాలేదు, సగం కోసి సగం వదిలేశాను. వదిలిన వైపు పూలు నాలుగు, కోసిన వైపు దోసిళ్లకొద్దీ. ఆ ఏటి నుంచి చెయ్యి వణకడం లేదు.

పైమట్టి రెండంగుళాలు గీకి తీసి, మూడు నాలుగు రోజులు ఎండ తగలనివ్వండి. తర్వాత మన కొత్తమట్టి నింపి, రెండు దోసిళ్లు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పిడికెడు వేపపిండి వేసి, అడుగు రంధ్రం నుంచి కారేదాకా నీళ్లు పోయండి. ఎరువు పచ్చిదైతే మాత్రం వద్దు. వాసన వస్తోందంటే చివకలేదని అర్థం. అందులో తెల్లటి వేరుపురుగు కూడా ఉంటుంది. ఒకసారి ఒక నర్సరీలో కొన్న బస్తాలో బొటనవేలంత పురుగులు పదమూడు దొరికాయి, కూర్చుని లెక్కపెట్టాను. అప్పటి నుంచి ఎరువును కాగితం మీద పరిచి చూడకుండా వాడను.

పదిహేను రోజుల్లో చిగురు, నెలన్నర దాటాక మొగ్గ కనిపిస్తాయి. జాజి, విరజాజి పూసేది తొలకరి తర్వాత కాబట్టి వాటికి తొందరేమీ లేదు. ఇప్పుడే కత్తిరించొచ్చు గానీ వాడబెట్టే గొడవ అక్కర్లేదు.

పుదీనా

కుండీలో ఏడాది దాటిన పుదీనా ఆకు చిన్నబడి, కాడలు సాగి, మధ్యలో బోడిగా అయిపోతుంది. నీళ్లు చాలలేదేమో అనుకుంటాం. కుండీని పక్కకు వాల్చి తట్టి మొక్కను బయటికి లాగండి. కుండీ ఆకారంలోనే, తెల్లటి వేళ్లు గుండ్రంగా చుట్టుకుని, జడపిన్నుల్లేని సిగలా వస్తుంది. లోపల మట్టి కనిపించదు, అంతా వేరే. ఇక అది ఏం తింటుంది?

పాత కూరగాయల కత్తితో దాన్ని నిలువునా నాలుగు ముక్కలు చేయండి. కేకు కోసినట్టు కోయొచ్చు, భయం లేదు. ముక్క ముక్కకీ పైన రెండు వేళ్ల ఎత్తు కాడ ఉంచి మిగిలింది కత్తిరించండి, ఆ రోజుకి పచ్చడి అయిపోతుంది. అడుగు వేరు మూడో వంతు కోసేసి, కొత్తమట్టిలో వెడల్పు తొట్టిలో నాటండి. పుదీనాకి లోతు కంటే వెడల్పు ముఖ్యం. వారం రోజులు నీడన ఉంచితే కణుపుల దగ్గర ఊదారంగు తిరిగిన చిగుళ్లు లేస్తాయి. మిగిలిన మూడు ముక్కలు పక్కింటివాళ్లకివ్వండి. మీది ఎండిపోయిన ఏడాది వాళ్ల దగ్గర అడిగి తెచ్చుకోవచ్చు, నేనదే చేస్తాను.

మిగతావి

కరివేపాకు చలికి ముడుచుకుని ఆకు రాల్చేసి ఉంటుంది. నిలువుగా ఒకటే కాండంతో పెరుగుతున్నదైతే మీ నడుం ఎత్తులో తల కొట్టేయండి. కిందినుంచి మూడు నాలుగు కొమ్మలు వస్తాయి. పూత కనబడితే తుంచేయాలి, కాయకు పోయే బలం ఆకుకు వస్తుంది. పుల్లమజ్జిగ పోయమంటారు, నేనూ పోస్తాను, దానివల్లే పెరిగిందని మాత్రం ఒట్టేయలేను.

తులసికి ఎండిన వెన్నులు రెండాకుల కింద దాకా తుంచండి. మా ఇంట్లో మంగళ, శుక్రవారాలు తులసి జోలికి వెళ్లనివ్వరు కాబట్టి ఈ పని శనివారానిది. మొదలు పుల్లలా గట్టిపడిపోయిన ముసలి తులసిని కత్తిరించి బాగుచేయడం కష్టం. వెన్నుల గింజలు అరచేతిలో నలిపి ఇంకో కుండీలో చల్లుకోండి.

నిమ్మగడ్డిని జానెడు ఎత్తుకి కోసి, మధ్యలో ఎండిన దుబ్బు తీసేసి, పిలకలు విడదీసి నాటండి. పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, ఆ ఆకు బ్లేడే. చామంతి పూత అయిపోయిన కొమ్మలు మట్టి దగ్గరికి కోసేస్తే పక్కల నుంచి పిలకలు వస్తాయి. వాటిని వేసవంతా నీడలో కాపాడుకుని తొలకరికి విడదీసి నాటుకోవాలి. కొత్తిమీర ఇప్పుడు ఆకు సన్నబడి పూతకు వస్తుంది. దాన్ని వెనక్కి తిప్పలేం. ధనియాలకు వదిలేయండి.

చిగురు వచ్చాక

ఇక్కడే చాలామంది పని అయిపోయిందనుకుని కుర్చీ వేసుకుంటారు. లేతచిగురు మనకెంత ముద్దో దాని రసం పీల్చే సన్నపురుగు పేనుబంకకీ అంతే. ఉదయం కాఫీ గ్లాసుతో వెళ్లి చిగురు కొస తిప్పి, అడుగువైపు చూడండి. చీమలు కొమ్మ వెంబడి బారు కట్టాయంటే పైన పేనుబంకో, తెల్లపిండిలా అంటుకునే పిండినల్లో ఉన్నట్టే, వాటి తీపి కోసమే ఆ చీమలు. మొదట పైపుతో నీళ్లు గట్టిగా కొట్టండి, సగం అక్కడే పోతాయి. మిగిలితే లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లండి. ఎండలో చల్లితే చిగురు మాడుతుంది. ఎర్రటి రెక్కల మీద నల్లచుక్కలున్న అక్షింతల పురుగు కనిపిస్తే ఆ కొమ్మకి మందు చల్లకండి. పేనుబంక దాని భోజనం, మీ పని అది చేసిపెడుతుంది.

మల్లె చిగుళ్లలో కొన్ని మొగ్గ లేకుండా తీగలా సాగుతూ పోతాయి. మూరెడు దాటితే కొస గిల్లేయండి, పక్కకు చీలి మొగ్గ వేస్తాయి. పూసిన కొమ్మలనూ పూల కింద రెండు కణుపులు కలిపి కోస్తుంటే రెండో విడత, మూడో విడత వస్తాయి.

కత్తిరించిన ఆకు, సన్నపుల్లలు బయట పారేయొద్దు. రోగం లేనివైతే ముక్కలు చేసి కుండీల్లో పైమట్టి మీద రెండంగుళాల మందాన పరవండి. ఏప్రిల్ ఎండకు మట్టి పగలకుండా కాపాడేది అదే.

ఇంటిపని: ఒక మల్లె, ఒక పుదీనా ఈ వారమే పూర్తి చేయండి. కత్తిరించిన తేదీ, మొదటి చిగురు కనిపించిన తేదీ కుండీ మీదే సుద్దతో రాసుకోండి. మల్లె కోతల్లో పెన్సిల్ మందం ఉన్న, గీకితే పచ్చగా కనబడే పుల్లలు జానెడు పొడుగున ఓ ఆరు తీసి, తడిగుడ్డలో చుట్టి నీడన పెట్టండి. రెండు మూడు రోజుల్లో ఐదో భాగంలో వాటిని ఇసుకలో గుచ్చి వేరు పట్టించడం చూద్దాం.